ఆరిన పొయ్యిల లెక్క

సంస్థలో చేరిన కొత్తలో నాకొక పెద్ద లెక్కల పుస్తకం అప్పగించారు. అందులో ఏడు గళ్ళు: వరుస సంఖ్య, ఇంటివారి పేరు, ఊరు, పొయ్యి సంఖ్య, ఇచ్చిన తేదీ, కట్టిన వాయిదాలు, సంతకం. అంతకుముందు పదేళ్ళపాటు వ్యాపార సంస్థల పద్దులు చూసినదాన్ని కాబట్టి ఆ పుస్తకం తెరవగానే ప్రాణం లేచి వచ్చింది. కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు. ఎవరో శ్రద్ధగల మనిషి రాశారు. ఆ శ్రద్ధను చూసే నేను మోసపోయానని తెలియడానికి ఏడాదికి పైగా పట్టింది. ఇచ్చిన పొయ్యిని ఎవరైనా వెలిగిస్తున్నారా అనే గడి అందులో లేదు. లేదన్న సంగతి నాకు తట్టనూ లేదు.

మాది పల్లె ఇళ్ళకు పొగ తక్కువ వచ్చే వంటపొయ్యిలు అందించే చిన్న సామాజిక సంస్థ. ఈ మాటకు అర్థం చెప్పడం నాకిప్పటికీ కష్టమే. పొయ్యికి డబ్బు తీసుకుంటాం కాబట్టి ధర్మసంస్థ కాదు. మిగిలిన డబ్బు ఎవరూ పంచుకోరు, అది మళ్ళీ పొయ్యిల మీదికే పోతుంది కాబట్టి మామూలు వ్యాపారమూ కాదు. ఊళ్ళోకి వెళ్తే రెండు వైపుల నుంచీ తగులుకునేవారు. "సేవ అంటూనే డబ్బెందుకు అడుగుతున్నారు?" అని ఒకరు, "ఇంత తక్కువకు ఇస్తున్నారంటే ఇందులో ఏదో మెలిక ఉంది" అని మరొకరు. ఇద్దరికీ మా దగ్గర ఒకటే జవాబు ఉండేది: ఊరికే ఇచ్చిన వస్తువు అటకెక్కుతుంది. ఆ జవాబు సగమే నిజం. డబ్బు పెట్టి కొన్న వస్తువు కూడా నిక్షేపంగా అటకెక్కుతుంది.

సంస్థ నడిపే పెద్దాయన ఇంజనీరు. నేను వచ్చింది పద్దులు చూడటానికే అయినా మొదటి రెండు వారాలు పుస్తకం ముట్టుకోనివ్వలేదు. పని షెడ్డు వెనక మూడు రాళ్ళు పేర్చి, ఒక మోపు కట్టెలు చూపించి, ఐదు లీటర్ల నీళ్ళు మరిగించమన్నారు. నాకు వంట వచ్చు, కట్టెల పొయ్యి రాదు. అది రాజుకోవడానికే అరగంట పట్టింది. ఊదుగొట్టంతో ఊది ఊది తల తిరిగింది. కళ్ళు మండి, ముక్కు కారి, చివరికి నీళ్ళు మరిగాయో లేదో చూసే ఓపిక కూడా మిగల్లేదు. ఆయన వచ్చి మిగిలిన కట్టెలు తూచారు, గిన్నెలో నీళ్ళు తూచారు, నిప్పులను రేకు డబ్బాలోకి ఎత్తించి అవీ తూచారు. ఆ తూకం చూశాక ఈ పని మీద నాకు గురి కుదిరింది. తూకం ఉన్న చోట నాకు పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది.

"పొగ అంటే ఏమిటనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. నేను నీళ్ళు నమిలాను. "కాలకుండా తప్పించుకుపోతున్న కట్టె," అన్నారు. ఆ తర్వాత కట్టెపుల్లతో నేల మీద గీస్తూ చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. కట్టెకు వేడి తగలగానే ముందు అందులోని నీరు ఆవిరైపోతుంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది కాబట్టి, తడి కట్టె పెట్టినవాళ్ళు ముందుగా ఆ నీటిని మరిగిస్తున్నట్టు లెక్క. నీరు పోయాక కట్టె నుంచి మండే వాయువులు బయటికొస్తాయి. మనకు మంటగా కనిపించేది ఆ వాయువులు మండటమే. సరిపడా సెగ, సరిపడా గాలి, కాస్త వ్యవధి దొరికితే అవి పూర్తిగా మండిపోతాయి. దొరక్కపోతే మండకుండానే పైకి లేచి, చల్లబడి, పొగగా మారి మన కళ్ళలోకి వస్తాయి. మంట నాలుక చల్లని గిన్నె అడుగును తాకితే అక్కడికక్కడే చచ్చి మసి అవుతుంది. నిప్పుల దశలో పొగ కనిపించదు కానీ రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పొగ లేదు కదా అని తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోయినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకునేది దానివల్లే.

ఆ రెండు వారాల్లో మూడు రాళ్ళ మీద నాకు కోపం తగ్గి గౌరవం పెరిగింది. చెప్పుకోవడానికి అది చాలా చెడ్డ పొయ్యి. కట్టెలోని వేడిలో నూటికి పది పదిహేను పాళ్ళే గిన్నెకు చేరతాయి, మిగిలినదంతా గాలికే. కానీ దానికి పెట్టుబడి లేదు, మరమ్మతు లేదు. చిన్న గిన్నె పెట్టాలంటే రాళ్ళు దగ్గరికి జరపడం, పెద్దది పెట్టాలంటే దూరం జరపడం, అంతే. ఎంత పొడవు కట్టెనైనా చివర అంటించి, కాలినకొద్దీ లోపలికి ఎగదోస్తే చాలు. చీకట్లో వెలుతురిస్తుంది, చలిలో వెచ్చదనమిస్తుంది. దాని పొగ తగిలిన గడ్డికప్పుకు పురుగు పట్టదు. వేల ఏళ్ళుగా మనుషుల చేతుల్లో నలిగిన పనిముట్టు అది. నిన్నగాక మొన్న పుట్టిన మా రేకు డబ్బా దానితో పోటీ పడాలి.

మా రేకు డబ్బాకు ఒక వంశవృక్షం ఉంది. 1976లో గ్వాటెమాలాలో పెద్ద భూకంపం వచ్చిన తర్వాత అక్కడ ఇసుక కలిపిన మట్టితో లొరేనా అనే పొయ్యిని ప్రచారం చేశారు. స్పానిష్‌లో బురద, ఇసుక అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరది. చూడటానికి దిట్టంగా, ముచ్చటగా ఉండేది. తీరా పరీక్షలు చేసి చూస్తే చాలా సందర్భాల్లో బయటి మంట కంటే కట్టెలేమీ ఆదా చేయలేదు. అంత మట్టి తానే వేడెక్కాలి కదా, గిన్నెకు వెళ్ళాల్సిన సెగను గోడలు తాగేశాయి. ఆ పాఠం నేర్చుకున్నవాళ్ళలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన అప్రొవెచో పరిశోధనా కేంద్రం ఒకటి. 1980ల్లో అక్కడ లారీ వినియార్‌స్కీ అనే ఆయన రాకెట్ పొయ్యి సూత్రాలు రూపొందించారు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంగిన చిన్న మంటగది, దాని చుట్టూ వేడి పీల్చని తేలికైన పొర, కట్టెల కింద గాలి దూరడానికి చిన్న అర, గిన్నె చుట్టూ సన్నని సందు. మంట గిన్నెను తాకేలోపే వాయువులు మండిపోవాలి, ఆ వేడి గాలి గిన్నె పక్కలను ఒరుసుకుంటూ పోవాలి. మేం చేసిన పొయ్యికి కూడా ఇదే మూలం.

ఇక్కడొక సూక్ష్మం ఉంది, దాని దగ్గర చాలామంది పొరబడతారు. కట్టె ఎంత బాగా మండింది అన్నది ఒక లెక్క. మండగా వచ్చిన వేడిలో ఎంత గిన్నెకు చేరింది అన్నది ఇంకొక లెక్క. గిన్నెను మంటకు మరీ దగ్గరగా దించితే రెండో లెక్క పెరిగి మొదటిది పడిపోవచ్చు. అంటే కట్టెలు మిగులుతూనే పొగ ఎక్కువవుతుంది. కట్టెలు ఆదా అయ్యాయన్న ఒక్క అంకె చూపించి ఇల్లు శుభ్రమైందని చెప్పేవాళ్ళను ఆ తర్వాత చాలామందిని చూశాను. వాళ్ళలో నేనూ ఉన్నాను.

మా షెడ్డు పరీక్షల్లో పొయ్యి బాగానే నిలబడింది. 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పొయ్యిలకు సున్నా నుంచి అయిదు వరకు మెట్లున్నాయి. మాది మధ్య మెట్టు మీద కూర్చుంది. అందరం సంబరపడ్డాం. షెడ్డులో కట్టెలన్నీ ఎండినవి, ఒకే లావువి, ఒకే పొడవువి. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి అదొక్కటే పని. పక్కన ఏడ్చే పిల్ల లేదు, బయట కట్టేసిన పశువు లేదు, పొలానికి వేళ మించిపోవడం లేదు.

ఊళ్ళలో ప్రదర్శనలు మొదలుపెట్టాక తెలిసింది, మేం చెప్పాలనుకున్నది వేరు, వాళ్ళు వినాలనుకున్నది వేరు అని. మా వాళ్ళు జబ్బులతో మొదలుపెట్టేవారు. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని, అందులో రెండు లక్షలకు పైగా అయిదేళ్ళు నిండని పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంకెలు చెబుతుంటే ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు తల ఊపి, చంటిపిల్లను ఒళ్ళో సర్దుకుని, దూరంగా చూసేవారు. వాళ్ళు నమ్మలేదని కాదు. పుట్టినప్పటి నుంచీ పీల్చినదాన్ని విషమంటే ఏం చేయాలి? ఒకసారి ఒకామె నింపాదిగా, "మా అమ్మ తొంభై ఏళ్ళు ఈ పొగలోనే బతికిందమ్మా" అంది. మా వాడు సగటు ఆయుర్దాయం గురించి ఏదో చెప్పబోయాడు. నేను వాడి చొక్కా పట్టి లాగాను.

పొయ్యిని అమ్మింది గిన్నె. ప్రదర్శనలో రెండు గిన్నెలను పక్కపక్కన పెట్టేవాళ్ళం, ఒకటి మూడు రాళ్ళ మీద నుంచి దింపింది, రెండోది మా పొయ్యి మీద నుంచి దింపింది. ఆడవాళ్ళు రెండు గిన్నెల అడుగులూ వేలితో రాసి చూసేవారు. రెండోదానికి మసి తక్కువ. తోమే శ్రమ ఎంత తగ్గుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తర్వాత అడిగేది కట్టెల గురించి, ఆ తర్వాత త్వరగా అవుతుందా అని. దగ్గు గురించి అడిగినవాళ్ళు చాలా తక్కువ. ఇంకో చిక్కు ఏమిటంటే, గిన్నె అడుగు రాసి చూసేది ఒకరు, డబ్బు తీసేది మరొకరు. కట్టెలు కొనుక్కునే ఇళ్ళలో మగవాళ్ళు వెంటనే ఒప్పుకునేవారు, ఆదా చేతికి కనబడుతుంది కాబట్టి. కట్టెలు ఏరుకొచ్చే ఇళ్ళలో ఆ శ్రమ ఎవరి జేబులోంచీ పోవడం లేదు. ఆమె నడుములోంచి పోతోంది, దానికి పద్దు లేదు.

వాయిదాల పద్ధతి పెట్టాక అమ్మకాలు ఊపందుకున్నాయి. ఆ ఏడాది గురించి పెద్దగా చెప్పేందుకేమీ లేదు. లారీలు, రసీదులు, సంతకాలు, వేలిముద్రలు. ఏడు గళ్ళూ నిండుతూ పోయాయి. సంవత్సరాంతపు నివేదిక నేనే రాశాను. ఇచ్చిన పొయ్యిల సంఖ్యను ఒక్కో ఇంటి మనుషుల సగటుతో గుణించి, ఇంతమంది పొగ నుంచి విముక్తులయ్యారని రాశాను. ఆ వాక్యం ఇప్పుడు చదివితే చెవులు ఎర్రబడతాయి.

వాయిదా ఆగిపోయిన ఇళ్ళ జాబితా పట్టుకుని మొదటిసారి నేనే ఊళ్ళోకి వెళ్ళాను. వసూలు పని పద్దుల మనిషిదే కదా. మొదటి ఇల్లు ఒక పెద్దావిడది. నేను పొయ్యి గురించి అడగగానే ఆమె ముఖం వెలిగిపోయింది. లోపలికి తీసుకెళ్ళి గూట్లో ఉన్న మూట విప్పింది. ఉతికిన గుడ్డలో చుట్టిన మా పొయ్యి, కొన్న రోజున ఎలా ఉందో అలాగే తళతళలాడుతోంది. "ఇంత మంచి వస్తువును మసి చేసుకుంటానా?" అంది. ఆ పక్కనే మూడు రాళ్ళ మధ్య నిప్పు కణకణలాడుతోంది.

"వాడటానికే కదా పెద్దమ్మా ఇచ్చింది," అన్నాను.

"రెండుసార్లు వాడాను. నీ పొయ్యి బాగానే ఉందమ్మాయీ. దానికే నా గిన్నె నచ్చలేదు."

గిన్నె తెచ్చి చూపించింది. గుండ్రటి అడుగు, ఇంటిల్లిపాదికీ సరిపోయేంత పెద్దది. మా పొయ్యి పైన మూడు సన్నని ఇనుప కమ్ములున్నాయి. వాటి మీద పెడితే గిన్నె ఉయ్యాలలూగింది. ఆమె గరిటె పట్టి కలిపే తీరు చూపించింది, రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి. ఆ ఊపుకు పొయ్యి, గిన్నె, సలసల కాగేది అంతా పక్కన కూర్చున్న మనవడి మీద పడుతుంది. ఇంజనీరు షెడ్డులో నీళ్ళు మరిగించారు. నీళ్ళను ఎవరూ కలపరు.

ఆ రోజు మరో పదకొండు ఇళ్ళు తిరిగాను. వాయిదాల సంగతి మధ్యలోనే మరిచిపోయాను. ఒక ఇంట్లో పొయ్యి నోరు చిన్నది, కట్టెలు చీల్చాలి, చీల్చడానికి గొడ్డలి పట్టేది కూడా ఆమే. మూడు రాళ్ళయితే దుంగను అలాగే తోసేది. ఇంకో ఇంట్లో కింది జల్లెడ రేకు కాలి ఊడిపోయింది, ఎవరికి చెప్పాలో తెలియక పొయ్యిని బోర్లించి పీటగా వాడుతున్నారు. మరో ఇంట్లో బాగానే వాడుతున్నారు, కానీ ఒక గిన్నెకే. రెండో గిన్నె అదే సమయంలో మూడు రాళ్ళ మీద ఉడుకుతోంది, ఎందుకంటే వంటకు రెండు మంటలు కావాలి, మేం ఇచ్చింది ఒకటి. ఒక్కచోట మాత్రం మా పొయ్యి తప్ప వేరే పొయ్యి కనబడలేదు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే.

తిరిగొచ్చి చెబితే సహోద్యోగులు నమ్మలేదు. వాళ్ళ సర్వే కాగితాల్లో దాదాపు అందరూ రోజూ వాడుతున్నామనే చెప్పారు. అప్పుడు పెద్దాయన గుండీ అంత ఉష్ణోగ్రత సెన్సర్లు తెప్పించారు. వాటిని పొయ్యికి అతికిస్తే, కొన్ని నిమిషాలకొకసారి వేడిని నమోదు చేసుకుంటాయి. రహస్యంగా పెట్టడానికి వీల్లేదని నేను పట్టుబట్టాను. ఇంటివాళ్ళకు చెప్పి, ఒప్పుకున్న ఇళ్ళలోనే, మా పొయ్యికి ఒకటి, పాత పొయ్యి రాయికి ఒకటి పెట్టాం. రాయికి పెట్టాలన్న ఆలోచన కూడా నాదే. పద్దు రాసేటప్పుడు జమ ఒక్కటే రాసి ఖర్చు వదిలేయడం నాకు చేతకాదు.

మొదటి వారం గీతలు అందంగా వచ్చాయి. మా పొయ్యి రోజుకు రెండు మూడుసార్లు వేడెక్కింది. చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా వాడతారు, ఈ రంగంలో ఇది అందరికీ తెలిసినదే. నెల తిరిగేసరికి గీతలు పలచబడ్డాయి. మూడో నెలలో కొన్ని ఇళ్ళ గీత నేలకు అతుక్కుపోయింది. రాయి మీద పెట్టిన సెన్సరు మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు పొద్దున, సాయంత్రం, తప్పకుండా లేచి కూర్చుంది. మేం వేరే పొయ్యిని తెచ్చి పాతదాని పక్కన చేర్చాం, అంతే. ఆ ఇళ్ళవాళ్ళను అబద్ధాలకోరులని నేను అననివ్వలేదు. ఎండలో నడిచొచ్చి, చెక్క పలక మీద కాగితం పెట్టుకుని, "మా పొయ్యి వాడుతున్నారా అమ్మా?" అని ఆశగా అడిగే పిల్లకు లేదని చెప్పడం మర్యాద కాదు. తప్పు ప్రశ్నదే.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు పరిశోధనా పత్రాలు చదవడం మొదలుపెట్టాను. ముందే చదివి ఉండాల్సింది. గ్వాటెమాలాలో పొగగొట్టం ఉన్న పొయ్యిలతో దాదాపు అయిదు వందల ఇళ్ళలో చేసిన అధ్యయనం ఉంది, ఫలితాలు 2011లో వచ్చాయి. పిల్లలు పీల్చే పొగ సగానికి తగ్గింది. తీవ్రమైన న్యుమోనియా మూడో వంతు దాకా తగ్గింది కానీ, మొత్తం న్యుమోనియా తగ్గిందని గట్టిగా చెప్పగలిగే తేడా రాలేదు. ఆఫ్రికాలోని మలావిలో 150 గ్రామాల్లో పదివేలకు పైగా పిల్లలతో, ఫ్యాన్ బిగించిన మంచి పొయ్యిలతో ఇంకా పెద్ద అధ్యయనం చేశారు. 2017లో వచ్చిన ఫలితం: న్యుమోనియాలో తేడా లేదు. ఒడిశాలో రేమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు కొన్నేళ్ళపాటు ఇళ్ళను గమనించారు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ తేడా కరిగిపోయింది. పొయ్యిలు సరిగా వాడలేదు, బాగుచేసుకోలేదు. ఆ పత్రం చదువుతుంటే నా పన్నెండు ఇళ్ళు నా కళ్ళ ముందు కదిలాయి.

ఇంకొకటి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. గాలిలోని సన్నని ధూళికి, జబ్బుకు ఉన్న సంబంధం తిన్నని గీత కాదు. పొగ బాగా ఎక్కువున్న చోట దాన్ని సగం చేసినా పిల్లల ఊపిరితిత్తులకు దక్కే మేలు కొంచెమే. అసలు మేలంతా అట్టడుగున, దాదాపు శుభ్రమైన గాలి దగ్గర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఘనపు మీటరు గాలికి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని చెప్పింది. కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో అది వందల్లో ఉంటుంది. రోజుకు ఒక్క పూట పాత పొయ్యి వెలిగినా ఆ 5 దరిదాపుల్లోకి రాలేం. పొగ మీద నలభై ఏళ్ళు పనిచేసిన కర్క్ స్మిత్ 1980ల మొదట్లోనే గుజరాత్ పల్లెల్లో ఆడవాళ్ళు పీల్చే పొగను కొలిచారు. అలాంటి మనిషే తన జీవితపు చివరి దశలో, కట్టెను శుభ్రంగా మండించే తంటాలకన్నా గ్యాసు, విద్యుత్తు వంటి శుభ్రమైన ఇంధనాన్నే పేదవాళ్ళకు అందించడం మేలని గట్టిగా వాదించారు. గ్యాసుతోనూ కథ సుఖాంతం కాలేదనుకోండి. భారత్, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో చేసిన అధ్యయనంలో గ్యాసు ఇచ్చిన ఇళ్ళలో పొగ బాగా తగ్గింది, పుట్టిన పిల్లల బరువులో మాత్రం తేడా కనబడలేదు. పొగ తగ్గడం ఒక సంగతి, జబ్బు తగ్గడం మరొకటి, రెండోదాన్ని నివేదికల్లో రాసే హక్కు నాకు లేదని అప్పటికి అర్థమైంది.

సరిగ్గా ఆ సమయంలోనే కార్బన్ క్రెడిట్ల వ్యవహారం వచ్చింది. గాలిలోకి పోయే కార్బన్‌ను ఇంత తగ్గించామని లెక్క చూపి, ఆ తగ్గింపును అమ్ముకునే పద్ధతి అది. పొయ్యి ధర తక్కువగా ఉంచగలిగేది వాటి ఆదాయంతోనే. లెక్క ఇలా ఉంటుంది: ఏడాదికి ఎంత కట్టె మిగిలింది, ఆ కట్టెలో మళ్ళీ పెరగని అడవి నుంచి వచ్చిన వంతు ఎంత, పొయ్యిని ఎందరు ఎన్నాళ్ళు వాడారు. మూడూ గుణించాలి. గుణకారంలో ఉన్న ప్రమాదం పద్దులవాళ్ళకు తెలుసు. ఒక్కో అంకెను కాస్త ఉదారంగా వేసుకుంటే చాలు, చివర వచ్చేది ఆకాశాన్నంటుతుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఏ ఊరికి ఎప్పుడొస్తారో ముందే తెలిసింది. ఆ రోజు ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ మా పొయ్యి వెలుగుతోంది. పెద్దావిడ కూడా గుడ్డ విప్పిందట. కాగితం మీద వాడకం నూటికి నూరు.

నేను సెన్సర్ల అంకె వేయాలన్నాను. పెద్ద గొడవైంది. "అందరూ ఇలాగే వేస్తున్నారు, మనమొక్కళ్ళం తగ్గించుకుంటే పొయ్యి ధర పెరుగుతుంది, పోయేది ఆ ఇళ్ళవాళ్ళే కదా" అని ఒకతను అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు నేను. చివరికి పెద్దాయన తక్కువ అంకె మీదే సంతకం పెట్టారు. రావాల్సినదానిలో సగం కూడా రాలేదు. రెండు నెలలు జీతాలు ఆలస్యమయ్యాయి, ఆ వాదించినతను వేరే ఉద్యోగం చూసుకున్నాడు. 2024 జనవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, తాము పరిశీలించిన పొయ్యి పథకాలు నిజమైన మేలు కన్నా సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ క్రెడిట్లు పొందాయని లెక్కగట్టి చూపించినప్పుడు, అతనికి ఫోను చేయాలనిపించింది. చేయలేదు.

తర్వాత పని నెమ్మదించింది. కొత్త ఊళ్ళకు వెళ్ళడం మానేశాం. ఉన్న ఊళ్ళలోనే ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పొయ్యిని విప్పి మళ్ళీ చేశాం. గుండ్రటి అడుగు ఆనేలా పైన కుదురులాంటి వెడల్పాటి చట్రం వచ్చింది. పొయ్యి కాళ్ళు వెడల్పయ్యాయి. నోరు కొంచెం పెద్దదైంది. దానివల్ల షెడ్డు పరీక్షలో ఒక మెట్టు దిగాల్సి వచ్చింది, పెద్దాయన ఒక రోజంతా ముభావంగా ఉన్నారు. ఒక పొయ్యికి బదులు జత ఇవ్వడం మొదలుపెట్టాం. కాలిపోయే జల్లెడ రేకు మార్చడం ప్రతి ఊళ్ళో ఒకామెకు నేర్పి, రేకుకింత అని ఆమెకు ఇస్తున్నాం. ఇచ్చిన మూడు నెలలకు కాదు, రెండో వారంలోనే వెళ్ళి చూస్తున్నాం. గ్యాసు కొనుక్కోగలిగిన ఇంటికి ముందు గ్యాసే తీసుకోమంటున్నాం. "మన సరుకు మనమే వద్దంటామా" అని ఇప్పటికీ సణిగేవాళ్ళున్నారు. ప్రదర్శనలో జబ్బుల మాట తీసేశాం. కట్టెలు ఇంత మిగులుతాయి, కళ్ళు ఇంత తక్కువ మండుతాయి, గిన్నె ఇలా ఉంటుంది. చూపించగలిగినదే చెబుతున్నాం.

పుస్తకంలో ఎనిమిదో గడి గీశాను. పాత పొయ్యి ఆరిన తేదీ. చాలా పేజీల్లో ఆ గడి ఖాళీగానే ఉంది.

మొన్న పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. కొత్త జత మసిబారి ఉంది, చూసి సంతోషించాను. మూడు రాళ్ళ చోట నేల చల్లగా ఉంది, అలికినట్టుంది. రెండు రాళ్ళు వాకిట్లో గిన్నెలు తోమే చోట కనబడ్డాయి. మూడోది ఎక్కడ అని అడిగాను.

"దాని మీదే కూర్చున్నావు," అంది. "పడేయలేదులే. పదిమంది వస్తే మళ్ళీ పేర్చాలిగా."

పుస్తకం తీసి ఎనిమిదో గడిలో తేదీ వేశాను. పెన్సిలుతో.